గడ్డకి పెట్టిన పథ్యం

నాన్న కడుపులో గడ్డ ఉందనీ, అది మంచిది కాదనీ తెలియగానే అమ్మ చేసిన మొదటి పని పప్పు డబ్బా అటక మీద పెట్టేయడం. తాతల కాలంలో రైల్వే వర్క్‌షాపు కొలువుకి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు మావాళ్లు శ్రీకాకుళం నుంచి సామానుతో పాటు పథ్యాన్నీ మోసుకొచ్చారు. ఏ జబ్బుకైనా ముందు నోరు కట్టాల్సిందే.

దానికి తోడు కాస్త సైన్సు కలిసింది. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే, ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే తెలుగమ్మాయి ఒకసారి మాటల్లో చెప్పింది: మాంసకృత్తులు అరిగి అమైనో ఆమ్లాలవుతాయట. వాటిలో ఒకటో రెండో కొలిచి తగ్గిస్తే ఎలుకల్లో కణితి నెమ్మదిస్తుందట. "ఎలుకల్లోనే ఆంటీ, అదీ మిగతావన్నీ సరిపడా పెట్టి" అని నొక్కి మరీ చెప్పింది. అక్కర్లేని మాటలు మా అమ్మ చెవిలో దూరవు.

"సేప, గుడ్డు, పప్పు గడ్డకి మేతట. మేత ఆపీస్తే అదే సస్తాది" అని తేల్చేసింది.

ఇక గంజన్నం, బీరకాయ, సాయంత్రం గుప్పెడు మరమరాలు. రోగికి వాసన తగలకూడదని ఇంట్లో ఎవరికీ నీచు లేదు. నేను పోట్లాడితే "నువ్వేటి, డాక్టరమ్మవా?" అంది. నాన్న చొక్కాలు వదులవుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది.

"సూడు, గడ్డ కరుగుతున్నాది!"

గడ్డకి ఇస్తున్న మందు తర్వాతి ఇంజెక్షన్‌కి ఆస్పత్రికి వెళ్లాం. నర్సు నాన్నని బరువు మిషను మీంచి దింపి, నమ్మకం కలగక మళ్లీ ఎక్కించింది. డాక్టరమ్మ కొత్త స్కాను చూసింది. గడ్డ కాస్త పెరిగింది. కరిగింది మా నాన్న.

"మాషీమా, ఏం పెడుతున్నారు?" అని ఆవిడ, బెంగాలీ వరసలో అమ్మని పిన్నిగారిని చేసి, హిందీలో అడిగింది. అమ్మ గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ గొంతు పెంచలేదు. తిండిలో మాంసకృత్తులు లేకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుందనీ, అందులోంచి కూడా గడ్డ తన వాటా లాక్కుంటుందనీ చెప్పింది. ఈ ఒంటితో మందు తట్టుకోలేరు, ఈసారి ఇవ్వను, ముందు తినిపించండి అంది.

అమ్మ తెల్లబోయి నావైపు తిరిగింది. "అయితే, ఈయన్నే దానికి మేతేసీసినానేటి?"

ఏమంటున్నారని డాక్టరమ్మ అడిగింది. ఆ మాటని హిందీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తిరిగి వస్తూ అమ్మ టోటో రిక్షా ఆపించి రుయ్యి చేప కొంది. చీరైనా మార్చకుండా పులుసు పెట్టి, ముళ్లు తీసి, నాన్న ముందు కూర్చుంది. ఆయన ముద్ద కలిపారు. నోటి దాకా తెచ్చి దింపేశారు.

"తినండి. ఒద్దన్నది నానే, తినమంటున్నదీ నానే" అంది అమ్మ.

నాన్నకి కోపం రాలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

"తినాలనే ఉన్నాదే" అన్నారు. "ఇన్నాళ్లూ ఆకలేసీది. నీకు సెప్తే బాధపడతావని ఓర్సుకున్నాను. ఇప్పుడు ఆ ఆకలే ఎయ్యట్లేదు."