రిమోట్‌లోంచి తీసిన సెల్లులు

పటమటలో మా ఏసుపాదం బాబాయి పెళ్ళిసంబంధాలు కుదురుస్తాడు. ఇక్కణ్ణుంచి హనుమాన్ జంక్షన్ దాకా క్రైస్తవ కుటుంబాల్లో ఎవరింట పెళ్ళీడు పిల్లలున్నా ముందు కబురు ఆయనకే. పెళ్ళిచూపులప్పుడు సరేనన్న పెద్దలు ఉంగరాలు మార్చుకునే ప్రధానం నాటికి మాట మారుస్తుంటే విసిగిపోయి, ఒకప్పుడు తాను గుమాస్తాగా చేసిన లాయరుగారు మూలన పడేసిన బుల్లి టేపు రికార్డర్ తెచ్చుకున్నాడు. దాని క్యాసెట్టు అగ్గిపెట్టెంత ఉంటుంది. "టేపు తిరుగుతోందండీ, ఇక చెప్పండి" అని బల్ల మీద పెడతాడు.

ఆ పని ఫోన్‌లో చేసుకోవచ్చుగా అని ఒకసారి అన్నాను. "ఫోన్‌లో మాట తెల్లారేసరికి గ్రూపులన్నీ తిరుగుద్ది. ఇది నా జేబు దాటదురా" అన్నాడు. దూది స్పిరిట్‌లో ముంచి దాని హెడ్డు తుడుస్తాడు, లోపలి రబ్బరు బెల్టు సాగిందేమోనని మూత విప్పి చూస్తాడు. మా తెరేసమ్మ పిన్నికి జ్వరమొచ్చినా అంత హడావుడి పడడు.

అంత ముద్దు చేసిన యంత్రం ఏంజెల్ సంబంధం దగ్గర పరువు తీసింది. ఏంజెల్ చర్చి క్వయర్‌లో పాడుతుంది. పెళ్ళయ్యాక కూడా పాడనిస్తేనే చేసుకుంటానంది. పెళ్ళికొడుకు డేనియల్ వెంటనే ఒప్పుకున్నాడు. బాబాయి ఒక్కడే వెళ్ళి వాళ్ళమ్మ హెలెన్ గారి దగ్గరా టేపు మీద మాట పుచ్చుకొచ్చాడు. తీరా ప్రధానం సంగతి మాట్లాడదామని అందరూ బాబాయింట్లో కూర్చుంటే, "పెళ్ళయ్యాక క్వయరేంటండీ? నేనెప్పుడు సరేనన్నాను?" అన్నారావిడ.

"అయితే నాకీ సంబంధం వద్దండీ" అంది ఏంజెల్. మాట హెలెన్ గారితో, చూపు డేనియల్ మీద. ఆ పిల్ల మొహం చూసి నాకు హెలెన్ గారి మీద ఒళ్ళు మండింది.

బాబాయి దర్జాగా రికార్డర్ నొక్కాడు. ఎలకపిల్ల మాట్లాడినట్టు కిచకిచమని ఏదో వచ్చింది. కంగారుగా స్పీడు మీట జరిపాడు. ఈసారి గేదె ఆవులించినట్టు వచ్చింది. డేనియల్ నవ్వబోయి తల్లిని చూసి దగ్గాడు. బాబాయి స్పిరిట్ తెచ్చి హెడ్డు తుడిచాడు. కిచకిచ ఇంకా శుభ్రంగా వినబడింది.

"ఇది నా గొంతేనా అండీ?" అన్నారు హెలెన్ గారు.

బాబాయి నుదురు కొట్టుకున్నాడు. ఆవిడ మాట టేపు చేసినరోజు సెల్లులు అయిపోవచ్చాయి, టేపు నీరసంగా తిరిగింది. తర్వాత కొత్తవి వేశాడు. నెమ్మదిగా పట్టిన మాటని ఇప్పుడవి పరుగెత్తిస్తున్నాయి.

"తెరేసా, ఆ పాత సెల్లులేవి?"

"టీవీ రిమోట్‌లో వేశా. ఇప్పుడు తియ్యకండి, నా సీరియల్ టైమైంది."

తీశాడు. పిన్ని చూసిన చూపు ఇంకొకరైతే తట్టుకోలేరు. పాత సెల్లులు వేసి నొక్కితే టేపు మెల్లగా కదిలింది. అచ్చం హెలెన్ గారి గొంతు.

"పాడుకోనివ్వండి. నేనూ చర్చిలో పాడేదాన్నండీ. పెళ్ళయ్యాక మా అత్తగారు మాన్పించారు. ఇప్పటికీ ఆరాధనలో పాట మొదలైతే పెదాలు కదుపుతాను గానీ గొంతెత్తనండీ. ఆ పిల్ల చేత నేను మాన్పించను."

డేనియల్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వు పాడేదానివా అమ్మా?"

ఆవిడ రికార్డర్‌ని బాబాయి వైపు జరిపారు. "ఇంకోసారి వెయ్యండి" అన్నారు.

బాబాయి టేపు వెనక్కి తిప్పి వేశాడు. అప్పటికే సెల్లుల పని అయిపోవచ్చింది. 'మాన్పించారు' దగ్గర గొంతు సాగింది, 'ఆ పిల్ల చేత' దగ్గర బొంగురుపోయి ఆగింది. బాబాయి సెల్లులు తీసి చేత్తో రుద్దాడు, పంటితో కొరికాడు. లాభం లేదు.

హెలెన్ గారు లేచి వచ్చి ఏంజెల్ పక్కన కూర్చున్నారు.

"నేను మాన్పించను" అన్నారు.