ఎనుము తోక పట్టుకుని దాటిన వంక

ఆ రోజుల్లో మా కుప్పం వైపు ఈత నేర్పడమంటే నడుముకు ఎండు సొరకాయలు కట్టి బావిలోకి తోసెయ్యడమే. నాకు ఏడో ఏట మా పెద్దన్న ఆ ఉపకారం చేశాడు, కాకపోతే సొరకాయల సంగతి మరిచిపోయాడు. (ఒకటి కట్టాననే ఆయన చివరిదాకా వాదించాడు.) ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పటినుంచి నీళ్ళు చూస్తే నాకు ఊపిరాడేది కాదు. తలమీద చెంబెడు నీళ్ళు పోసుకోలేక తడిగుడ్డతో తుడుచుకునేదాన్ని. అమ్మ దాన్ని బద్ధకమనేది, నాయన పొగరనేవాడు. భయమని చెప్పుకోవడానికి నాకు నామోషీ.

మదనపల్లెలో నర్సు చదువు ముగించి పుంగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న కాలం. నీళ్ళు ముంచేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకోవడం అక్కడి డాక్టరమ్మ వారంలోనే పట్టేసింది. నవ్వుతుందనుకుంటే పక్కన కూర్చోబెట్టుకుని, "భయపడేది నీ బుద్ధి కాదమ్మా, నీ ఒళ్ళు. బావిలో పడిన దినం దానికింకా గ్యాపకం ఉండాది. ఒంటికి మాటల్తో చెబితే వినదు, కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాల" అంది. ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. ముందు తొట్టిలో పాదాలు, కొన్నాళ్ళకు మోకాళ్ళు, తర్వాత భుజం మీద ఒక చెంబు. మొదటిసారి తలమీద పోసుకున్న రోజు నేను పెట్టిన కేకకు, వార్డులో ఇంకెవరికో నొప్పులు మొదలయ్యాయని ఆయా పరుగెత్తుకొచ్చింది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం పెద్దపంజాణి వైపు పల్లె నుంచి, ఎనుములు, అంటే గేదెలు, మేపుతాడని అందరూ ఎనుములప్ప అని పిలిచే ఒకాయన తడిసి ముద్దై వచ్చాడు. "అమ్మా, మా ఇంటిది తెల్లారినప్పటి నుంచి నొప్పులు పడతాండాది. మంత్రసాని తనవల్ల కాదనేసింది" అన్నాడు. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. నేనే బయల్దేరాను. మా వైపు వాగును వంక అంటారు; ఎద్దుల బండి ఆ వంక దాకా పోయి ఆగిపోయింది. ఒడ్డున చెట్టుకు కట్టేసిన ఎనుము ఒకటి, దాని వెనక ఎర్రగా సుళ్ళు తిరుగుతున్న నీళ్ళు.

"యాడ దాటేదప్పా?"

"ఈడనేమ్మా. ఇందాక దీని తోక పట్టుకోనే వచ్చినా. దానికి దోవ తెలుసు. పట్టు మాత్రం ఇడవాకు."

వెనక్కి పోదామన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. నా మందుల పెట్టె ఆయన తలకెత్తుకున్నాడు. నేను తోక పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెట్టెలోని సామాన్లన్నీ పైకి వల్లించడం మొదలుపెట్టాను. "కత్తెర, దారం, దూది, డెట్టాలు..." నీళ్ళు నడుము దాటాయి, రొమ్ము దాకా వచ్చాయి, కాళ్ళు తేలిపోయాయి. దూది మూడోసారి వల్లిస్తుండగా ఎనుములప్ప గొంతు వినిపించింది. "అమ్మా, కండ్లు తెరువు. వంక దాటి శానాసేపాయ. మా ఎనుము నిన్ను బురదలో ఈడ్చుకపోతాండాది."

పల్లె సగం అక్కడ నిలబడి చూస్తోంది. నవ్వితే నవ్వారు. గుడిసెలో బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. పొద్దు వాలేదాకా ఆ తల్లీ నేనూ పాటుపడ్డాం. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. బయట ఎనుములప్ప గోడకానుకుని తనూ ఏడ్చాడు.

మర్నాడు వంక మోకాళ్ళ లోతుకు తగ్గింది. ఆయన మళ్ళీ ఎనుమును తోలుకొచ్చాడు. "వద్దప్పా, నడుస్తాను" అని చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, కళ్ళు తెరిచే, దాటాను.

ఆసుపత్రికి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పాక, "భయం పోయిందా?" అనడిగింది డాక్టరమ్మ.

"పోలేదమ్మా. నాతోనే వచ్చింది. దాన్ని కూడా దాటించినాను."

జుట్టులో ఇంకా బురద పెట్టుకుని అంత మాట ఎలా అన్నదో, అప్పటి నేనైన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల! ఈ ముసలితనంలో తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కసారి ఆ పిల్లను దగ్గరికి పిలిచి, ఆ తల నేనే రుద్ది నీళ్ళు పోయాలనీ అనిపిస్తుంది.