గురువమ్మ కొట్టిన పిన్ను

సైకిలు తన ముందుకి రాగానే గురువమ్మ మనిషి మొహం చూసేది కాదు. వంగి, పెడళ్ళ దగ్గరుండే పెద్ద పళ్ళచక్రం మీద చైనుని రెండు వేళ్ళతో పట్టుకుని తనవైపు లాగేది. చైను పళ్ళని అంటిపెట్టుకునే ఉంటే "ఉంది" అనేది. చైనుకీ పంటికీ మధ్య నుంచి అవతలి ఇసక కనిపిస్తే "అయిపోనాది" అనేది. ఈ రెండు మాటల మీదే ఆమె సముద్రపొడ్డున ఉన్న పొడంపేటలో పద్నాలుగేళ్ళు సైకిళ్ళు బాగుచేసింది.

ఆ ఊరి సైకిళ్ళకి వచ్చే రోగం వేరే ఊళ్ళలో లేదు. ఎనభైల నాటికి పాతిక సైకిళ్ళు పొద్దున్నే చేపల గంపలు కట్టుకుని హుమ్మా స్టేషనుకి పోయేవి. అక్కడి నుంచి చేప బరంపురం బజారుకి రైల్లో వెళ్ళేది. గంపలో ఐసు కరిగి, నెత్తురూ ఉప్పూ కలిసిన నీరు బొట్టుబొట్టుగా వెనకచక్రం మీద, సరిగ్గా ఫ్రీవీలనే చిన్న పళ్ళచక్రం మీదా చైను మీదా పడేది. సాయంత్రం మగవాళ్ళు సైకిలుని ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దింపి గేదెని కడిగినట్టు కడిగేవారు. ఆ తర్వాత ఇంట్లో కొబ్బరినూనె ఉంటే కొబ్బరినూనె, చేపనూనె ఉంటే చేపనూనె చైను మీద గుమ్మరించేవారు. మంచి పనే చేశామనుకునేవారు. ఆ జిడ్డుకి ఇసక పట్టి, చైను పిన్నుల్ని ఆకురాయిలా అరగదీసేది. బరంపురంలో నాలుగేళ్ళు వచ్చే చైను పొడంపేటలో ఏడాది రావడమే గొప్ప.

గురువమ్మకి ఈ పని ఎవరూ నేర్పలేదు. ఆమె మొగుడు సూరన్న నడుం మీద ఒకనాడు తెప్ప తిరగబడింది. ఆపైన అతను సముద్రం మీదికి వెళ్ళలేక ఒక పాత సైకిలు కొని చేపలు మోశాడు. చైను తెగినప్పుడల్లా ఆ నడుంతోనే సైకిలు నెట్టుకుంటూ హుమ్మా దాకా పోవలసి వచ్చేది. మూడోసారి తెగినప్పుడు గురువమ్మ చైనుని సన్నికల్లు మీద పెట్టి, పడవమేకుతో పిన్ను ఊడగొట్టింది. తిరిగి బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కారంలో నల్లజిడ్డు వస్తోందని అత్త అన్నం ముట్టలేదు. మూడో రోజు సూరన్న ఆ సైకిలు మీద హుమ్మా వెళ్ళి వచ్చాడు. నెల తిరిగేసరికి ఇరుగుపొరుగు సైకిళ్ళు వాకిట్లో నిలబడ్డాయి. కులపెద్ద లక్ష్ముడు చేపలు ఏరి ఐసు కట్టే ఐసుపాక పక్కన కాస్త జాగా చూపించి, కొబ్బరాకుల పందిరి వేసుకోమన్నాడు.

ఆమె చైనుని కిరసనాయిల్లో నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమి, ఎండలో ఆరబెట్టేది. లోపల గ్రీజు పెట్టి, పైన మాత్రం గుడ్డతో పొడిగా తుడిచేది. గంప కిందికి పాత ట్యూబు ముక్క కోసి, నీరు పక్కకి పోయేలా కట్టేది.

"నా పెళ్ళాం కూడా ఇంత ముస్తాబవదు వదినా," అనేవాడు నరసన్న. అతను చేపల షావుకారు వైకుంఠరావు దగ్గర సైకిలు మీద సరుకు మోసేవాడు.

"నీ పెళ్ళాం మీద ఉప్పునీరు కారతందేటి?" అనేది గురువమ్మ తల ఎత్తకుండా.

ఒకనాటి పొద్దున వైకుంఠరావు వలలకి పెద్ద వంజరాలు పడ్డాయి. గంపకి ఐసు వేసి, తాళ్ళు బిగించి, నరసన్న సైకిలెక్కి నాలుగు బారలైనా పోలేదు, చైను పుటుక్కున తెగింది. నెట్టుకుంటూ పందిరి కిందికి తెచ్చాడు.

గురువమ్మ తెగిన చైనుని చేతిలోకి తీసుకుని పక్కకి వంచి చూసింది. పాత తాడులా వేలాడింది.

"అయిపోనాది. ఇక్కడ అతికితే ఇంకోసోట తెగుతాది. కొత్తది ఎయ్యాల."

"కొత్తది ఇప్పుడెక్కడ తేను వదినా? తొమ్మిదింటి బండి అందాల. ఐసు సూడు ఎలగ కారతందో."

ఇంతలో వైకుంఠరావే వచ్చాడు. "ఏటే గురువమ్మా, పెళ్ళిసూపులు సూస్తన్నావేటి? రెండు దెబ్బలు కొట్టి ఒగ్గీ."

"తోవలో తెగితే, బాబూ?"

"తెగితే నీకు కొట్టడం రాదన్నమాట. రాదని ఇప్పుడే సెప్పీ. గంప నరసన్న నెత్తిన ఎత్తుతాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళలో గురువమ్మ ఎన్నో మాటలు పడింది గాని, రాదు అన్న మాట ఒక్కటే పడలేకపోయేది. వేరే పిన్ను కోసం డబ్బా వెతికింది. లేదు. తెగిన లింకు తీసేసి, ఊడగొట్టిన పాత పిన్నునే పాత బెజ్జంలోకి దిగ్గొట్టింది. ఒకసారి ఊడిన పిన్ను అదే బెజ్జంలో బిగువుగా నిలవదని ఆమెకి తెలుసు. అందుకే పిన్ను తల మీద ఎప్పటిలా నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి కాక, పైన ఇంకో దెబ్బ కూడా వేసింది. నరసన్న వెళ్ళిపోయాడు.

పదకొండింటికల్లా కబురు వచ్చింది. ఉప్పుమళ్ళ పక్క రోడ్డు మీద, స్టేషను రెండు మైళ్ళుండగా చైను తెగింది. నరసన్న నెట్టుకుంటూ పరుగెత్తాడు గాని, అతను గేటు దాటేసరికి బండి కదిలిపోయింది. ఎండకి ఐసు నిలవలేదు. వంజరాలు ఎండబెట్టడానికి తప్ప ఎందుకూ పనికి రాకుండా పోయాయి.

వైకుంఠరావు ఐసుపాక ముందు నిలబడి ఊరంతా వినేలా అరిచాడు. "ఆడది కొట్టిన పిన్ను నమ్ముకుంటే ఇంతే! రేపు పొద్దున్న లక్ష్ముడి ముందు తేల్చీడమే. ఆ జాగా హుమ్మాలో సైకిళ్ళు బాగుసేసే దేముడికి ఇప్పిస్తాను. ఆడు మేస్త్రీ."

జాగా పోతే పందిరి పోతుంది. పందిరి పోతే, ఈ పని పట్టకముందులా మళ్ళీ ఐసుపాకలో చేపలు ఏరుతూ, ఆ వైకుంఠరావు అదిలింపులు వింటూ నిలబడాలి. గురువమ్మ లేచింది. సిగ్గుతో తల దించుకుని కూర్చున్న నరసన్న దగ్గరికి వెళ్ళింది.

"ఏ లింకు కాడ తెగింది?"

"ఏ లింకో నాను సూసినానేటి వదినా? కోపం మీద ఉప్పుమళ్ళ కాలవలోకి ఇసిరీసినాను."

"ఏ కాలవ?"

"రెండో మడి కాడ. తుప్పుముక్క, నీకేల అది?"

"నా పిన్ను తెగలేదు. అది సూపిస్తాను," అంది గురువమ్మ. చీరకుచ్చెళ్ళు ఎగదోపి ఆ ఎండలోనే నడిచి వెళ్ళింది.

కాలవలో నీళ్ళు మోకాలి లోతున్నాయి. అడుగున బురద నల్లగా, ఉప్పు తెల్లగా ఉంది. గంటసేపు కాళ్ళతో తడిమింది. గట్టు మీద ఉప్పు పోగు చేస్తున్న ఒడియా ఆడమనిషి ఏం పోయిందని అడిగింది. "సైను," అంది గురువమ్మ. బంగారు చైననుకుని ఆ మనిషి పార కింద పడేసి తనూ దిగింది. ఆమె కాలికే తగిలింది. పైకి తీసి చూసి, ఒడియాలో ఒక బూతుమాట అని, నవ్వుతూ గురువమ్మ చేతిలో పెట్టింది.

గురువమ్మ గట్టున కూర్చుని చైనుని నీళ్ళలో జాడించి, చీరచెంగుతో తుడిచింది. తెగిన కొస దగ్గర పిన్ను మిగిలి ఉంది. దాని నుంచి లింకు రేకు జారి ఊడిపోయింది. పిన్ను తల మీద నిలువుగా ఒక దెబ్బ, అడ్డంగా ఒక దెబ్బ, పైన మూడోది. ఆమె కొట్టిందే.

కాలవ పక్కనే ఉంది. మళ్ళీ విసిరేస్తే దొరకలేదని చెప్పవచ్చు. లేదూ, ఆ ఒక్క పిన్నునీ ఊడగొట్టి, ఇంకో లింకు తెగినట్టు చూపించవచ్చు. ఆ తేడా కనిపెట్టే కన్ను పొడంపేటలో ఆమెకి తప్ప ఎవరికీ లేదు.

ఇంటికి వచ్చి సూరన్నకి చూపించింది. అతను మంచం మీద నుంచి లేవకుండానే అన్నాడు. "సంద్రంలో పారీ. నువ్వు సెప్పకపోతే ఎవుడికి తెలుస్తాది?"

"పారీసి, రేపు ఇంకో సైను ఒస్తే ఏటి సెయ్యాల మావా? వైకుంఠరావు మళ్ళీ అరుస్తాడు, నాను మళ్ళీ కొడతాను. దీని సంగతి దాసిపెట్టి, ఆడి ముందు కాదనడానికి నాకు నోరెక్కడిది?"

"ఒప్పీసుకుంటే జాగా పోతాది, ఓలే."

"పోనీ."

పొద్దున్నే లక్ష్ముడి అరుగు ముందు పాతికమంది చేరారు. లక్ష్ముడు చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. వైకుంఠరావు తన వంజరాల కథ మొదలుపెట్టబోతుంటే గురువమ్మ చైనుని అరుగు మీద పరిచింది.

"తెగింది నా పిన్నే, లక్ష్ముడు మావా. ఇదిగో నా సుత్తి దెబ్బ."

వైకుంఠరావు తొడ చరిచాడు. "ఇన్నారా? తన నోటితోనే!"

"ఇంకా అవలేదు బాబూ." గురువమ్మ పొరుగింట అడిగి తెచ్చిన ఒక కొత్త చైను ముక్కని పాతదాని పక్కన పెట్టింది. "నలభై లింకులు. ఎవులైనా లెక్కెట్టండి. ఇదీ నలభై, అదీ నలభై."

నరసన్న లెక్కపెట్టాడు. మొదళ్ళు రెండూ కలిపి సాగదీస్తే నలభయ్యో లింకు దగ్గర పాత చైను ఒక వేలి వెడల్పంత పొడుగు వచ్చింది.

"ఇనుము పెరగదు. లోపల పిన్నులన్నీ అరిగితేనే ఇలగ సాగుతాది. నా పిన్ను కాకపోతే దీని పక్కది తెగును. ఈ మాట నిన్న ఈయన మొహం మీదే సెప్పేను. కొట్టడం రాదేమో అన్నాడు. ఆ మాటకి రోసమొచ్చి కొట్టేను. అదే నా తప్పు. కొట్టడం రాక కాదు, కొట్టనని సెప్పడం రాక." ఆమె వైకుంఠరావు వైపు తిరిగింది. "ఇకమీదట అయిపోయిన సైనుని నాను అతకను. సావుకారు సెప్పినా అతకను, కులపెద్ద సెప్పినా అతకను."

"నాను సెప్పినా కూడానేటే?" అన్నాడు లక్ష్ముడు. కొందరు నవ్వారు.

"నీ సైకిలు సైనూ అయిపోనాది మావా."

లక్ష్ముడు మీసం దువ్వుకున్నాడు. చివరికి దేముడు వచ్చి ఐసుపాక అవతలి పక్కన కూర్చోవచ్చనీ, గురువమ్మ పందిరి మాత్రం కదపవద్దనీ అన్నాడు. ఎవరికి ఎవరు నచ్చితే వాళ్ళ దగ్గరికి పోవచ్చు. ఈ తీర్పు వైకుంఠరావుకీ నచ్చలేదు, గురువమ్మకీ నచ్చలేదు.

దేముడు వచ్చాడు. మంచివాడు, నవ్వుమొహం. ఏ చైను తెచ్చినా కాదనకుండా అతికేవాడు. నెలన్నర పాటు సైకిళ్ళన్నీ అటే పోయాయి. గురువమ్మ పందిరి కింద ఖాళీగా కూర్చుని, తన పనిముట్లకి తుప్పు తుడుచుకునేది. సూరన్న అన్నం దగ్గర దెప్పేవాడు. "రెండు మాటలు తగ్గితే ఏటి పోను?" ఆమె తగ్గలేదు. అటు తోవలో చైన్లు తెగుతూనే ఉన్నాయి. ఒకరూ ఇద్దరూ కొత్తచైను కొనుక్కుని ఇటు రావడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళు అటే పోయారు.

వానలు పడటానికి ముందు ఒక పొద్దున వైకుంఠరావు తనే సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక గంప. చేతిలో, కాగితం కూడా విప్పని కొత్త చైను.

"ఇదిగో, నువ్వడిగిన కొత్తది. ఎక్కించు."

గురువమ్మ గంప దింపించి, సైకిలుని తలకిందులు చేసి వెనకచక్రం తిప్పింది. ఫ్రీవీలు పళ్ళు గద్దముక్కుల్లా ఒకవైపుకి వంగి ఉన్నాయి.

"సైను కొత్తది, పళ్ళు పాతవి. బరువు మీద తొక్కితే జారుతాది. ఫ్రీవీలు కూడా తెండి."

"నీ గుమ్మంలోకి నాను రావడమే ఎక్కువ. ఇంకా ఎదురు సెప్తావేటి?" వైకుంఠరావు గొంతు పెరిగింది. "బండికి ఇంక రెండున్నర గంటలుంది. ఈపూటకి ఎక్కించీ. ఫ్రీవీలు రేపు సూద్దాం."

"ఈపూట ఎక్కించను."

"అటుపక్కన దేముడు ఎక్కిస్తాడు."

"ఎక్కిస్తాడు. ఎల్లండి."

వైకుంఠరావు అటు చూశాడు. దేముడు లేచి నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. వైకుంఠరావు కదలలేదు. కిందటి వారంలో దేముడు అతికిన చైను తెగి రెండుసార్లు బండి తప్పింది.

"మరి ఈ గంపనేటి సెయ్యమంటావే? నెత్తిన ఎట్టుకోమంటావా?"

గురువమ్మ జిడ్డుచేతులు ఇసకతో రుద్దుకుంది. పాత గోనెగుడ్డ చుట్టి కుదురు చేసి తల మీద పెట్టుకుంది.

"ఎత్తండి."

"ఏటి?"

"గంప ఎత్తండి బాబూ. మా అమ్మ ఇలగే మోసీది. నాను మోస్తాను. సైను మాత్రం ఎక్కించను."

ఎవరూ నవ్వలేదు. నరసన్న ఒక పక్క పట్టాడు. రెండో పక్క పట్టేవాళ్ళు లేక వైకుంఠరావే పంచె ఎగ్గట్టి చెయ్యి వేశాడు. గంప నెత్తికెక్కింది. ఐసునీరు ఆమె మెడ మీంచి జాకెట్టులోకి కారింది. నరసన్నని ఇదే బండిలో బరంపురం పోయి ఫ్రీవీలు తెమ్మనీ, పళ్ళు లెక్కపెట్టి తెమ్మనీ చెప్పి, గురువమ్మ హుమ్మా రోడ్డు పట్టింది. వెనక నరసన్న ఉత్త చేతులతో ఉండి కూడా ఆమెతో నడవలేక పరుగులాంటి నడక నడుస్తూ, "బేగి ఎల్లకే వదినా, నాను అందుకోలేను," అంటున్నాడు.