గడి ముందరి ఐదో పాతర

మా ఊరి మేస్త్రి మొన్న వరంగల్ పెద్ద దవాఖానలో కన్నుమూశాడు. ఏళ్లకేళ్లు మింగిన సున్నపు దుమ్ము రొమ్ములో గడ్డకట్టిందట. ఆయన దగ్గర నా వయసంతా తట్ట మోశాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పంతులమ్మ రాస్తోంది, ఒక్క మాట కూడా మెత్తన చేయొద్దని చెప్పే కూర్చున్నాను. గడి ముందు కట్టిన కొత్త బడి గదిలోకి సోమవారం పిల్లలను పంపుతామని ఊళ్లో కొందరు ఇంకా అంటున్నారు. పంపే ముందు ఇది చదవండి. చదవరానివాళ్లు చదివించుకోండి.

గడి అంటే దొర ఇల్లు. ఏనుగు పట్టే దర్వాజా, మూడు నిలువుల గోడ. దాని ముందు బజారు. ఒకవైపు పటేలు, పట్వారీ కూర్చునే చావడి, ఇంకోవైపు గుర్రాల కొట్టం. ఆ బజారులో మేము చెప్పులు చేతబట్టుకొని నడిచేవాళ్లం. అదే నేల కింద ధాన్యం దాచే పాతర్లు ఐదు ఉండేవి. మనిషి మీద మనిషి నిలబడినా తల కనబడనంత లోతు. మేము పండించిన వడ్లు వాటిలోకి పోవడమే చూశాం, పైకి రావడం చూడలేదు.

అడవి వైపు నుంచి అన్నల మాట వినబడడం మొదలయ్యాక దొర ఒక పొద్దున జీపెక్కి హనుమకొండ పోయాడు. మళ్లీ రాలేదు. అప్పుడు ఊరు ఆ బజారును తనకు కావలసినట్టు దిద్దుకుంది. గుర్రాల కొట్టం బడి అయింది. చావడి పక్కన సొసైటీ గోదాము లేచింది, ఎదురుగా బస్సు షెడ్డు. అన్నీ మా మేస్త్రి చేతి పనులే. ఆడదానికి గోడ నిలువు చూసే గుండుదారం ఇస్తే గోడ వంకరపోతుందని నవ్వే రోజుల్లో ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు. "నా కన్నుకంటే నీ కన్ను మంచిది చెల్లె, నువ్వు చూసి చెప్పు" అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరవను.

మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు కిందటి రోజు కట్టిన గోడకే వీపు ఆనించేవాడు.

"గోడ పడితే ముందు పోయేది నువ్వేనన్నా" అంటే, "పోనీ తియ్యి, పక్కోడు పోవద్దు గదా" అనేవాడు.

అలాంటి మనిషి ఒక్క తప్పు చేశాడు. గోదాము తెరవడానికి ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. రెండు రోజుల్లో పాతర్లు పూడ్చి బజారు చదును చేయాలి. నాలుగింటిలో మొరం పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గుద్దాం. ఐదోది అన్నిటికన్నా పెద్దది. పొద్దు వాలుతోంది, మొరం బండ్లు రాలేదు. మిల్లు నుంచి ఊక తెప్పించి నింపాడు. పైన మూరెడు మొరం. ఆ ఊక తట్టలు మోసింది నేనే.

"గిదేందన్నా?" అని అడిగాను.

"బజార్ల నడుమ ఎవడు ఇల్లు కడతడు చెల్లె? జెండా కట్టె పాతుతరు, గంతే. నువ్వు ఎవ్వలకూ చెప్పకు."

చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వేశాను.

మరునాటి నుంచి రోజూ పొద్దున అక్కడ గడ్డపార మొదలుతో నేలను కొట్టి, తల వంచి వినేవాడు.

"నాడి చూస్తున్నవా? జర గోలీ గూడ ఇయ్యి" అని ఆటపట్టించేదాన్ని. మొదట్లో నవ్వేవాడు. మండలాలు వచ్చిన ఏటి నుంచి నవ్వడం మానేశాడు.

"ఊక కుళ్లుతాంది చెల్లె. కింద గుల్లయితాంది."

పోయిన ఎండాకాలం బడికి కొత్త గది మంజూరైంది. సర్పంచు సరిగ్గా ఆ చోటే చూపించాడు. మేస్త్రి పోయి "ఆడ వద్దు" అన్నాడు. ఎందుకని అడిగితే మళ్లీ అదే మాట అన్నాడు. ఊళ్లో ప్రతి గోడా తన పేరు చెప్పుకునేటప్పుడు, తన తప్పు తన నోటితో ఎట్లా చెబుతాడు?

"కంట్రాక్టు నీకు రాలేదని కడుపుమంట పెద్దమనిషీ" అని సర్పంచు నవ్వాడు. గోడలు లేచాయి. స్లాబు పడింది. మేస్త్రి దగ్గుతూ వచ్చేవాడు, దూరం నుంచి చూసేవాడు, ఆ గది నీడలో కూడా నిలబడేవాడు కాదు. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. ఆ పాపంలో నా పాలు నాదే.

నిన్న ఆయన పాడె బజారు మీదుగా పోయింది. దారిలో పాడె దించి, పోయినవాళ్లను చెవిలో మూడుసార్లు పిలవడం మన వాడుక కదా. కొత్త గది ముందే దించమన్నాను. మేస్త్రి కొడుకు పిలిచాక నేను వంగాను.

"అన్నా, నీ చేతుల ఏసిన నా చెయ్యి నేను ఎనక్కి తీసుకుంటాన. ఈడ కూసునేది పిల్లలు."

లేచి నిలబడి అంతా అందరికీ చెప్పేశాను. సర్పంచు ముఖం మాడ్చుకున్నాడు.

"అవ్వా, రిబ్బన్ గూడ కట్టినం. సచ్చినోని మీద గీ పుకారేందే?"

"పుకారు గాదు కొడుకా, ఊక. నా నెత్తి మీద మోసిన. నీ బిడ్డ గూడ గీ బళ్లెనే గదా కూసుండేది?"

పాడె లేచింది. ఆ చోటు కడగడానికి తెచ్చిన బిందెను గది గడప ముందు బోర్లించాను. నీళ్లు గోడ మొదలు దాకా పోయి, ఒక్క క్షణం సుడి తిరిగి, నేలలోకి దిగిపోయాయి. సర్పంచు రెండో బిందె తెప్పించి తనే పోశాడు. అవీ పోయాయి. డప్పు దూరమైంది. మేమిద్దరం వంగి విన్నాం. చాలాసేపటికి, చాలా కింద ఎక్కడో, నీళ్లు పడిన చప్పుడు వినిపించింది.