సోమవారం చెప్పబోయే మాట

ఎనభైల్లో ఒక సాయంత్రం గాజువాకలో పూర్ణా మార్కెట్ బస్సెక్కాను. పక్క సీటులో కూర్చున్న మనిషి నా చేతిలోని తాళాల గుత్తిని చూసి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. సగం తల గుండు. దాని మీద లాడం ఆకారంలో కుట్ల మచ్చ.

"కట్టుబడి పనిలో పైనుంచి ఇనప కడ్డీ పడిపోనాది బావా. తలకి ఆపరేషన్ సేసినారు. తర్వాత ఫిట్స్ రావొచ్చని డాక్టరు సెప్పినాడు. వత్తే నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టు, సాలు. అందర్లాగ సేతిలో తాళాలెట్టకు. ఇనుముతో ఏటీ అవ్వదంట."

"ఇప్పటిదాకా వచ్చాయా?" అని అడిగాను.

"ఒక్కపాలీ రానేదు. సోమారం డాక్టరుకి అదే సెప్తాను. మళ్ళీ పైకెక్కి పని సేసుకోమని కాయితం రాసిత్తాడు."

కాసేపటికి కునుకు తీశాడు. కంచరపాలెం వచ్చింది. దిగబోతూ, నా సీటు కోసం నిలబడ్డ ఆయనకి అవే జాగ్రత్తలు అప్పజెప్పాను.

"తెలుసు బావా," అన్నాడాయన గొంతు తగ్గించి. "మొన్న ఈ బస్సులోనే ఇతనికి ఫిట్స్ వచ్చినాయి. నానే పక్కకి తిప్పినాను. లేచి ఏటైనాదని అడిగినాడు. బెంగెట్టుకుంటాడని, నిద్రోయావని సెప్పేసినాం."

వెనక జనం తోస్తుంటే దిగిపోయాను. బస్సు కదిలింది. తాళాలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.

ఆ సోమవారం అతను డాక్టరుకి అబద్ధమేమీ చెప్పి ఉండడు.