బాగుపడకూడని తబియత్

నిజాం జమానాలో మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు రెండు ముఖాలు ఉండాలి. అత్తగారింట్లో నవ్వుముఖం, పుట్టింటికి వస్తే జబ్బుముఖం. ఒకచోట పెట్టుకోవలసిన ముఖం ఇంకోచోట పెట్టుకున్నామా, ఇల్లంతా పరేషాన్.

నన్ను కల్హేర్‌లో ఇచ్చారు. "కోడలి మొఖం కళకళలాడాలె, లేకుంటే ఇంటికి అరిష్టం" అనేది మా అత్త. అందుకని తెల్లారకముందే జొన్నలు విసురుతూ నవ్వేదాన్ని. అందరూ తిన్నాక మిగిలిన రొట్టెముక్క ముందు కూర్చుని కూడా నవ్వేదాన్ని. చూసినవాళ్లు "మంచి ఇంట్ల పడ్డది, ఎంత ఖుషీగ ఉన్నదో" అనుకునేవారు. ఖుషీ సంగతి నన్నెవరూ అడగలేదు. వాళ్లకు ముఖం చూస్తే సరిపోయేది.

ఒక వానాకాలం చలిజ్వరం పట్టుకుని వదల్లేదు. జబ్బుపడ్డ కోడలిని పుట్టింటికి పంపడం అప్పటి రివాజు. బాగుచేసి తిరిగి అప్పజెప్పడం పుట్టింటివాళ్ల పని. అలా నారాయణఖేడ్ వచ్చి పడ్డాను. దవాఖాన చేదుగోళీలకు జ్వరం పారిపోయింది. అమ్మ పెట్టిన వేడి రొట్టెలకు బుగ్గలు వచ్చాయి. అక్కడే వచ్చింది చిక్కు. తబియత్ బాగైందని తెలిస్తే మర్నాడే బండి వస్తుంది. నాకు వెళ్లాలని లేదు. కష్టంగా ఉందంటే వినే దిక్కు లేదు గాని, జ్వరమంటే మాత్రం ఊరంతా వింటుంది.

"తలకు నూనె పెట్టకు. నీళ్లకు బయటికి పోకు. నవ్వినవంటే మాత్రం చూడు!" అని అమ్మ నాకు పథ్యం చెప్పింది. వాడకట్టు ఆడవాళ్లు పరామర్శకు వచ్చి, "అయ్యో, ఎట్ల గుంజుకపోయినవే బిడ్డా" అనేవారు, నా బుగ్గల వంక చూస్తూనే. నేను శక్తికొద్దీ మూలిగేదాన్ని.

జొన్న కోతల నాటికి మామ ఓర్పు అయిపోయింది. ఒక అంగడినాడు, వారం సంతరోజున, అత్తను వెంటబెట్టుకుని బండి కట్టుకొచ్చాడు. అమ్మ చేతికందిన గుడ్డ తడిపి నా నుదుటికి చుట్టి చాపమీద పడేసింది. మామ బయట మంచంమీద నాయినతో కూర్చున్నాడు. అత్త లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి చల్లగా ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను.

అత్త తలుపు దగ్గరగా వేసి నా పక్కనే చాపమీద ఒరిగింది.

"మంచి జ్వరమే పిల్లా," అన్నది మెల్లగా. "నేను కోడలిగ ఉన్నప్పుడు గీ ఉపాయం తోచకపాయె. తోచినా, పోతందుకు నాకు తల్లిగారిల్లు లేకుండె."

ఆ తరువాత బయటికి వినబడేలా గొంతు పెంచింది. "పిల్ల ఒళ్లు కాలిపోతుంది! నాక్కూడ తల తిరుగుతుంది. నాలుగొద్దులు ఈడనే ఉండి చూసుకుంట. నువ్వు పో!"

వియ్యపురాలు అలా ఉండిపోవడం మా వాడలో ఎవరూ ఎరగరు. మామ నోరెళ్లబెట్టి వెళ్లిపోయాడు. అమ్మ రెండో గుడ్డ తడిపింది. ఎవరైనా వస్తే ఇద్దరం మూలిగేవాళ్లం, వాళ్లు గడప దాటగానే పడీపడీ నవ్వేవాళ్లం. అత్త నిజంగా నవ్వితే ముందుపన్ను ఒకటి లేదని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ మొదటి రొట్టె ఆమెకే పెట్టింది. "నాకు ముందుగాల పెట్టినోళ్లు ఎవరున్నరు వదినె" అంటూ అత్త రొట్టె తుంచకుండా చాలాసేపు పట్టుకుంది. ఆమెను అన్నాళ్లు ద్వేషించినందుకు నాకు సిగ్గేసింది.

మళ్లీ అంగడినాటికి బండి వచ్చింది. మామ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టియ్యాలె? ఇద్దరిల ఒక్కరన్న బాగుపడ్డరా లేదా?"

అత్త నా వంక చూసింది. తన నుదుటి గుడ్డ విప్పి నా చేతిలో పెట్టింది.

"నాకు బాగైంది. పిల్లకు ఇంకా తగ్గలే," అన్నది.

కొంగు సర్దుకుంది. పెదవులు మూసి, పన్ను కనబడని ఆ పాత నవ్వు పెట్టుకుని బండెక్కింది.

నేను గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ అది కూడా జబ్బుముఖంలో భాగమే అనుకుంది. వెనకనుంచి వచ్చి చెవిలో చెప్పింది:

"ఇంకా జర గట్టిగ ఏడువు బిడ్డా, బండి ఇంకా మలుపు తిరగలే."