గంజి పెట్టిన స్పీకరు

ఈ బరువును ఎవరి ముందూ దించలేదు. అమ్మ పోయేటప్పుడు పక్కనే కూర్చుని కూడా నోరు విప్పలేదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా తమ్ముడి చేతిలోంచి గిటారు లాగేసింది నేను. చేత్తో కాదు. ఒక మాటతో.

మాది నగరి. ఇంట్లోనే మరమగ్గాలు. ఆ చప్పుడులోనే పుట్టాం, ఆ చప్పుడుకే మా నాయనకు చెవులు పోయాయి. అలాంటి ఇంట్లో తమ్ముడికి పాత ఇంగ్లీషు రాక్ పాటల పిచ్చి పట్టింది. పాడేవాడి వెనక ఆగకుండా తాళం పట్టి ఒక గిటారు మోగుతుందే, ఆ మోత అచ్చం అట్లాగే తన చేతుల్లో పలకాలని వాడి పట్టుదల. మంచి గిటారు కొన్నాడు. మద్రాసులో పాత సామాన్ల అంగడి నుంచి గిటారు మోతను పెంచే ఒక ఆంప్లిఫయరు పెట్టె, స్పీకరు లోపలే ఉన్నది, మోసుకొచ్చాడు. లోపలి గాజు వాల్వులు వేడెక్కితే తప్ప అది పలకదు. తీగలు మార్చి, మీటలు తిప్పి, ఏళ్ల తరబడి వెతికి వెతికి చివరికి ఆ మోత పట్టేశాడు. కాగిన నూనెలో పోపు పడ్డట్టు చిటపట, దాని అడుగున కడుపుకు తాకే గుండ్రని బరువు. నాకు చదువు లేదు గానీ ఒకసారి విన్నది మరవను. తిరుపతిలో హోటళ్లలో వాయించే బ్యాండు వాళ్లు, వచ్చి వినిపించు అన్నారు.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. మగ్గాలన్నీ తుడిచి బొట్లు పెట్టాం. వాడి పెట్టె కూడా పనిముట్టే కదా అనుకున్నాను. వాడు ఇంట్లో లేనప్పుడు, ముందున్న గుడ్డను మేకులు ఊడదీసి ఉతికాను. లోపలి స్పీకరు కాగితాన్ని తడిగుడ్డతో తుడిచి గంధం పూశాను. నానిన కాగితం వేలి కింద చిరిగింది. మాకు తెలిసిన మందు ఒకటే, గంజి. మగ్గం మీది పడుగు నూలుకు పెట్టే గంజినే చిరుగు మీదా చుట్టూ దట్టంగా పట్టించి, ఆరబెట్టి, గుడ్డ బిగించేశాను. ఆరిన కాగితం అట్టలా బిగుసుకుపోయింది. ఆ కాగితం అదిరితేనే మోత పుడుతుందని నాకప్పుడు తెలియదు.

మరునాడు తమ్ముడు వాయించాడు. ఆపాడు. మళ్లీ వాయించాడు. తీగలు మార్చాడు, వాల్వులు మార్చాడు. గుడ్డ వెనక చూడాలని మాత్రం తోచలేదు. చివరికి నన్ను పిలిచాడు.

"అక్కా, నీకు గ్యాపకం బాగుంటాది గదా. మొన్నటి మోతేనా ఇది?"

"అదే గదరా."

"నాకు రేకు డబ్బా కొట్టినట్టుండాదే!"

"పెట్టె ఏం మారలా. నీ సెవులే సూపించుకో అబ్బోడా. నాయనకూ ఇట్లనే మొదలయింది."

వాడు నవ్వాడు. "అయితే మంచిదేలే. రేపట్నించి నువ్వు తిట్టేది కూడా ఇనపడదు."

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే గిటారు కింద పెట్టాడు.

భయంతో అన్నానా? ఆ పూట భయమే. మరి ఆ తరవాత? డాక్టరు దగ్గరికి పోరా అని అమ్మ అంటే, నాయనను చూసినాం గదా, ఏ డాక్టరు బాగుచేసినాడు అని పోలేదు. తిరుపతికీ పోలేదు. గిటారు అమ్మేసి మగ్గం దగ్గర నిలబడ్డాడు. కొడుకు దారిలో పడ్డాడని అమ్మ సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను. నిజం చెప్పి ఉంటే కాసేపు తిట్టి, కొత్త స్పీకరు తెచ్చి వేసుకునేవాడు. అంతేగా పని! అంత చిన్న పనికి ఒక మనిషి బతుకును బలిపెట్టాను.

ఇన్నేళ్లు మగ్గాల మధ్య ఉండి ఉండి ఇప్పుడు వాడికి నిజంగానే చెవులు పోయాయి. వెనక నుంచి పిలిస్తే తిరగడు. ఇక ఏ పెట్టె తెచ్చి పెట్టినా ఆ మోత వాడిదాకా పోదు. నా చెవుల రాత ఇంతే అని సర్దుకున్నవాడికి, ఆ రోజు అవి బాగానే ఉన్నాయిరా అని ఎట్లా చెప్పను? చెప్పకపోవడం జాలి అని నన్ను నేను మభ్యపెట్టుకుంటూ వచ్చాను. జాలి కాదు, పిరికితనం.

వాడు విన్నదే నిజం. మోత మారింది. కాగితం చింపింది నేను, అబద్ధమాడింది నేను. క్షమించమని అడగడం లేదు. ఈ మాట లోపలే పెట్టుకుని ఊపిరి తీసుకోవడం ఇక నా వల్ల కాలేదు.